శిక్ష పడ్డాక అడిగే నాథుడేడి?

చెన్నై క్రిమినల్ కోర్టుల చుట్టూ తిరిగేవాళ్ళకి "కండిషన్ సంతకం" అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. బెయిలిచ్చేటప్పుడు జడ్జిగారు ఒక షరతు పెడతారు, రోజూ పొద్దున పదిన్నరకి ఫలానా పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి సంతకం పెట్టాలని. ఆ రోజు కూలి పోయినా, ఇంట్లో పెళ్ళి ఉన్నా, జ్వరమొచ్చినా సరే, వెళ్ళి బెంచీ మీద కూర్చోవాలి. రైటర్‌గారు రిజిస్టర్ ఎప్పుడు తీస్తే అప్పుడు సంతకం. మానేస్తే బెయిలు రద్దు చేయమని పిటిషన్ పడుతుంది. వీళ్ళ మీద నేరం ఇంకా రుజువు కాలేదు, ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

అదే మనిషికి కేసు నడిచి, నేరం రుజువై, చిన్న వయసు, మొదటి తప్పు కదా అని జడ్జిగారు జైలుకి పంపకుండా ప్రొబేషన్ మీద వదిలారనుకుందాం. బాండు రాయించుకుంటారు, రెండేళ్ళు బుద్ధిగా ఉండమంటారు, ఫైలు రికార్డు రూముకి పోతుంది. అంతే. ఇక వాడు ఎక్కడ ఉంటున్నాడు, పని దొరికిందా, పాత స్నేహాల్లోకే మళ్ళీ వెళ్ళాడా అని అడిగే దిక్కుండదు. రుజువు కానివాణ్ణి రోజూ పిలుస్తాం, రుజువైనవాణ్ణి మరిచిపోతాం. లాయరుగా ఇన్నేళ్ళయినా ఈ తిరకాసు నాకు మింగుడుపడలేదు.

ఈమధ్య అమెరికా ఫెడరల్ కోర్టుల్లో, అంటే అక్కడి కేంద్ర ప్రభుత్వ కోర్టుల్లో, జైలు నుంచి బయటికొచ్చినవాళ్ళని జడ్జే దగ్గరుండి చూసే రీఎంట్రీ కోర్టు అని ఒక పద్ధతి ఉందని తెలిసి, దాని గురించి దొరికిందల్లా చదివాను. అది అర్థం కావాలంటే ముందు అక్కడి శిక్ష తీరు కొంచెం తెలియాలి. 1984లో వాళ్ళు ఒక చట్టం చేసి ఫెడరల్ కేసుల్లో పెరోల్‌ని ఎత్తేశారు. శిక్ష మధ్యలో బోర్డు ముందు నిలబడి ముందుగా బయటపడటం అనేది ఇక లేదు. దాని బదులు సూపర్‌వైజ్డ్ రిలీజ్ వచ్చింది. జైలు శిక్ష మొత్తం అయిపోయాక (సత్ప్రవర్తనకి తగ్గించే రోజులు పోను) బయటికొచ్చి, ఆపైన నేరాన్ని బట్టి ఏడాదో మూడేళ్ళో ఐదేళ్ళో కోర్టు నిఘాలో బతకాలి. ప్రొబేషన్ ఆఫీసర్‌కి రిపోర్టు చేయాలి, అనుమతి లేకుండా ఆ కోర్టు పరిధి దాటి పోకూడదు, వారానికి కనీసం 30 గంటలు ఏదో ఒక పని చేయాలి, అడిగినప్పుడు డ్రగ్ టెస్ట్ ఇవ్వాలి. తప్పితే జడ్జి మళ్ళీ జైలుకి పంపొచ్చు.

ఇంతవరకైతే ఇది కూడా కండిషన్ సంతకానికి అన్నయ్యే. రీఎంట్రీ కోర్టు దగ్గరే తేడా వస్తుంది. ఫిలడెల్ఫియాలో ఉన్న పెన్సిల్వేనియా తూర్పు జిల్లా ఫెడరల్ కోర్టు 2007లో స్టార్ అనే పేరుతో ఒకటి మొదలుపెట్టింది. మళ్ళీ నేరంలోకి జారే ప్రమాదం ఎక్కువగా ఉన్నవాళ్ళనే ఎంచుకున్నారు, అదీ వాళ్ళంతట వాళ్ళు ఒప్పుకుంటేనే. వాళ్ళు రెండు వారాలకోసారి ఒక మెజిస్ట్రేట్ జడ్జి ముందుకి వస్తారు. ప్రొబేషన్ ఆఫీసర్, ప్రభుత్వ ప్లీడరు, డిఫెన్స్ లాయరు అందరూ అక్కడే ఉంటారు, అయినా అక్కడ వాదన ఉండదు. పని ఎలా ఉంది, లైసెన్సు తిరిగి వచ్చిందా, పిల్లలకి కట్టాల్సిన డబ్బు కడుతున్నావా, ఇంటి ఓనరు ఖాళీ చేయమంటున్నాడట ఏమైంది అని జడ్జే అడుగుతారు. పాత ట్రాఫిక్ చలాన్ల వల్ల లైసెన్సు ఆగిపోతే ఆ గొడవ చూడ్డానికి లా కాలేజీ విద్యార్థులుంటారు. అలా 52 వారాలు సవ్యంగా గడిస్తే నిఘా కాలంలో ఒక ఏడాది తగ్గించే వీలుంది.

నన్ను పట్టేసింది ఆ ఏడాది తగ్గింపు కాదు. మన దగ్గర జడ్జి ముందు నిలబడటమంటే ఒకటే లెక్క, ఏదో తప్పు జరిగింది. అక్కడ ఉద్యోగం దొరికిన వారం కూడా ఆ మనిషి జడ్జి ముందే నిలబడతాడు, జడ్జి బాగుందయ్యా అంటారు, కోర్టులో చప్పట్లు కొడతారు. వినడానికి స్కూల్లో బహుమతి ప్రదానంలా ఉంది కదూ, మొదట నాకూ నవ్వొచ్చింది. కానీ చిన్నప్పటి నుంచీ ఏ ఆఫీసుకెళ్ళినా ఛీ కొట్టించుకున్నవాడికి, తనని జైలుకి పంపగల మనిషే పేరు పెట్టి పిలిచి నీ కూతురికి జ్వరం తగ్గిందా అని అడిగితే ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. అమెరికా ఫెడరల్ వ్యవస్థలో ప్రొబేషన్ ఆఫీసర్ కోర్టు మనిషి, న్యాయవ్యవస్థ ఉద్యోగి. ఇక్కడ తమిళనాడులో ప్రొబేషన్ విభాగం జైళ్ళ శాఖ కింద ఉంది. జడ్జి ఆర్డరిస్తారు, ఇంకో శాఖ ఆఫీసర్ దాన్ని అమలు చేయాలి. ఆయన రిపోర్టులు ఆయన పైఆఫీసుకి పోతాయి, జడ్జి టేబుల్ మీదికి తిరిగొచ్చేది మళ్ళీ ఏదైనా గొడవ జరిగినప్పుడే.

అయినా చట్టం విషయంలో మనమేమీ వెనకబడి లేం, అదే అసలు బాధ. మద్రాసు ప్రెసిడెన్సీలో 1936 నాటికే ప్రొబేషన్ చట్టం ఉంది, అంటే అప్పట్లో నెల్లూరు, గుంటూరు, కర్నూలు అన్నీ దాని కిందే. తర్వాత దేశం మొత్తానికి 1958లో ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ యాక్ట్ వచ్చింది. ఉరిశిక్షో యావజ్జీవమో పడే నేరం కాకపోతే, జైలుకి బదులు మూడేళ్ళు మించకుండా బాండు మీద వదలొచ్చు, దానికి తోడు కనీసం ఏడాది ప్రొబేషన్ ఆఫీసర్ పర్యవేక్షణ పెట్టొచ్చు. 21 ఏళ్ళు నిండనివాళ్ళనైతే, సెక్షన్ 6 ప్రకారం, జైలు తప్పదని కారణాలు రాస్తే తప్ప, అసలు జైలుకే పంపకూడదు. ఈ చట్టం శిక్షల ఆలోచనలో ఒక మైలురాయి అని 1964లో రతన్‌లాల్ కేసులో రాసింది ఎవరనుకున్నారు? మన కోకా సుబ్బారావుగారే. రాజమండ్రిలో పుట్టి, మద్రాసు లా కాలేజీలో చదివి, మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు చేసి సుప్రీంకోర్టుకి వెళ్ళిన ఆయనే. ఆ కేసులో ముద్దాయి పదహారేళ్ళ కుర్రాడు, నేరం చిన్నదేం కాదు. అయినా అప్పీలు కోర్టూ హైకోర్టూ ఈ చట్టం వైపు చూడకుండా జైలు శిక్షనే ఉంచాయని, సెక్షన్ 6 కింద ఆలోచించమని హైకోర్టుకి తిప్పి పంపించారు.

ఈ చట్టంలో చాలామంది లాయర్లు తిరగెయ్యని రెండు సెక్షన్లున్నాయి. సెక్షన్ 14 ప్రకారం ప్రొబేషన్ ఆఫీసర్ పని చూసి రావడం ఒక్కటే కాదు, అవసరమైతే ఉద్యోగం వెతికిపెట్టే ప్రయత్నం కూడా చేయాలి. సెక్షన్ 8 ప్రకారం, ఆఫీసర్ దరఖాస్తు పెడితే కోర్టు షరతులు మార్చొచ్చు, నడవడిక బాగుంటే ఇక పర్యవేక్షణ అక్కర్లేదని బాండునే ముందుగా రద్దు చేయొచ్చు. ఫిలడెల్ఫియాలో 2007లో పెట్టిన ఆశ మన పుస్తకంలో 1958 నుంచే ఉందన్నమాట. దాన్ని వాడినవాళ్ళు మాత్రం నాకు తగల్లేదు.

ఇక్కడ ఒక కుర్రాడి సంగతి చెప్పాలి. ఊరు సూళ్ళూరుపేట వైపు, వయసు పంతొమ్మిది, మాధవరం లారీ స్టాండులో క్లీనరు. ఇంకో ఇద్దరితో కలిసి, రాత్రి ఆపి ఉన్న లారీల బ్యాటరీలు విప్పి పాత ఇనుము కొట్లో అమ్మాడు. దొరికిపోయాడు, పుళల్ జైల్లో రిమాండు, తర్వాత కేసు. నేరం ఒప్పుకున్నాడు. వయసు చూసి ప్రొబేషన్ అడిగాను, కానీ అక్కడే ఒక చిక్కు. ముద్దాయికో జామీనుదారుకో కోర్టు పరిధిలోనో, బాండు కాలంలో వాడు ఉండబోయే చోటనో స్థిరమైన ఇల్లో నికరమైన పనో ఉండాలంటుంది సెక్షన్ 4. వాడి ఆధార్ ఆంధ్రా, పడక లారీ కింద. చెన్నైలో కూలికొచ్చిన మన తెలుగువాళ్ళు చాలామందికి ప్రొబేషన్ తప్పిపోయేది నేరం పెద్దదై కాదు, చూపించడానికి అద్దె కాగితం లేక. చివరికి మాధవరంలోనే షెడ్డున్న మెకానిక్ ఒకాయన, కావలి వైపు మనిషి, ముందుకొచ్చాడు. "పని ఇస్తానమ్మా, పడుకోడానికి జాగా గూడా ఇస్తా. పోలీసోళ్ళు మాత్రం షెడ్డు కాడికి రాగూడదు" అన్నాడు. సరే అన్నాను, ఆ మాట నా చేతుల్లో ఉందన్నట్టు.

రెండేళ్ళ బాండు, పర్యవేక్షణ ఆర్డరు. షరతుల కాగితం తమిళంలో ఉంది. వాడు తమిళం మాట్లాడతాడు, చదవలేడు, తెలుగు ఎనిమిదో తరగతి దాకా చదివాడు. నేనే కూర్చోబెట్టి ఒక్కొక్కటీ తెలుగులో రాసిచ్చాను. ఆఫీసర్ని కలవడానికి మొదట్లో క్రమం తప్పకుండా వెళ్ళాడు. ఒకసారి సార్ మీటింగ్‌లో ఉన్నారు, ఇంకోసారి సార్ జైలు విజిట్‌కి వెళ్ళారు, గుమాస్తా సంతకం తీసుకుని పంపించేవాడు. ఆయన్ని పూర్తిగా తప్పుపట్టను, ఒక్క మనిషి నెత్తిన అన్ని కోర్టుల ఎంక్వయిరీ రిపోర్టులు పెడితే ఎవరైనా అంతే చేస్తారు. కొన్నాళ్ళకి అవసరమైతే ఫోన్ చేస్తాంలే అన్నారట. ఫోన్ రాలేదు.

వచ్చింది పోలీసుల క్రైమ్ టీమ్. జి.ఎన్.టి. రోడ్డులో ఇంకో లారీ బ్యాటరీ పోయింది, పాత కేసులున్నవాళ్ళ జాబితా తీశారు, వీడి పేరుంది, పొద్దున్నే షెడ్డుకి వచ్చి ఎక్కించుకుపోయారు. వాళ్ళమ్మ సూళ్ళూరుపేట లోకల్ రైలెక్కి వస్తూ దార్లోంచే నాకు ఫోన్. "అమ్మా, మావోడు ఏం జెయ్యలేదమ్మా, రేత్రంతా షెడ్డులోనే ఉండాడు, ఓనరు గూడా జెప్పినాడు, నువ్వు పోయి అడుగమ్మా." వెళ్ళాను. ఎదుటి టైర్ల షాపు కెమెరాలో వాడు రాత్రి షెడ్డు దాటలేదని కనపడింది, సాయంత్రానికి వదిలేశారు. కొట్టలేదు, ఆ మాట చెప్పుకోవాలి. కానీ షెడ్డు ఓనరు మర్నాడు వాణ్ణి "నాలుగు రోజులు ఊరికి పోయి రారా" అన్నాడు. ఆయన తప్పు కూడా కాదు, పోలీసు బండి వచ్చి ఆగితే కస్టమర్లు లారీలు ఆపరు.

నా గొడవంతా ఇక్కడే. ప్రభుత్వంలో వాణ్ణి గుర్తుపెట్టుకున్నది ఒక్క క్రైమ్ టీమే. వాడు పనిలో ఉన్నాడని, ఏడాదిగా షెడ్డులోనే పడుకుంటున్నాడని, గ్రీజు పని నేర్చుకుని ఇప్పుడు ఎయిర్ బ్రేకులు విప్పుతున్నాడని ఏ ఫైల్లోనూ లేదు. రెండు వారాలకో నెలకో ఒక జడ్జి వాణ్ణి చూస్తూ ఉండి, ఆ నోట్ ఫైల్లో ఉండి ఉంటే, స్టేషన్‌వాళ్ళు ముందు ప్రొబేషన్ ఆఫీసర్‌కి ఫోన్ చేసేవాళ్ళేమో. తప్పకుండా చేసేవాళ్ళని అనను. కనీసం నేను ఆ ఫైలు చూపించి మాట్లాడేదాన్ని, టైర్ల షాపువాణ్ణి బతిమాలుకోకుండా.

నిఘా మన దగ్గర లేదని ఎవరూ అనుకోకండి, బోలెడుంది, కోర్టు చేతిలోనే లేదు. హిస్టరీ షీట్ ఉంది, తెలుగు రాష్ట్రాల్లో రౌడీ షీట్ అంటాం. మంచి నడవడిక బాండ్లున్నాయి, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 110 కింద. ఆ బాండ్లు రాయించే అధికారాన్ని తమిళనాడులో డిప్యూటీ పోలీస్ కమిషనర్లకే ఇచ్చారు. అంటే పట్టుకునేదీ వాళ్ళే, బాండు రాయించేదీ వాళ్ళే, తప్పాడని లోపల వేసేదీ వాళ్ళే. 2023 మార్చిలో మద్రాసు హైకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. మంచి పని. కానీ పోలీసుల చేతి నుంచి తీసేశాక ఆ మనిషిని చూసుకునేది ఎవరన్న ప్రశ్నకి జవాబు అక్కడ లేదు, ఉండాల్సిన పని కూడా లేదు, ముందున్న కేసు అది కాదు.

శిక్షాకాలం తగ్గించి వదిలేవాళ్ళ షరతుల మీద కూడా సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో గుజరాత్ నుంచి వచ్చిన ఒక కేసులో మంచి మాట చెప్పింది. రెండేళ్ళు మర్యాదగా నడుచుకోవాలి అని ప్రభుత్వం ఒక షరతు పెట్టింది. మర్యాద అంటే ఏమిటో ఎవరికి వాళ్ళు చెప్పుకోవచ్చు, అంత గాల్లో ఉన్న షరతు చెల్లదు అని కోర్టు తీసేసింది. మన ప్రొబేషన్ బాండ్లలో ఉండే "బుద్ధిగా ఉండాలి" కూడా అలాంటిదే అని నా అభిప్రాయం. ఎక్కడ పని చేయాలి, ఎవర్ని ఎప్పుడు కలవాలి అని చెబితే మనిషి చేయగలడు. బుద్ధిగా ఉండు అంటే, మా అమ్మమ్మ నన్ను కూడా అలాగే అనేది.

ఇప్పుడు రెండో వైపు. రీఎంట్రీ కోర్టు పెడితే నేరాలు తగ్గిపోతాయని నేను చెప్పను, లెక్కలు అలా చెప్పట్లేదు. న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో 2001 నుంచి నడిచిన ఇలాంటి కోర్టు మీద 2010లో వచ్చిన అధ్యయనంలో కొత్త నేరాల్లో శిక్ష పడినవాళ్ళు తగ్గారు గానీ, షరతులు తప్పారని తిరిగి జైలుకి వెళ్ళినవాళ్ళు పెరిగారు. దగ్గర నుంచి చూస్తే తప్పులు ఎక్కువ కనపడతాయి మరి. అక్కడి ఫెడరల్ కోర్టుల పరిశోధన సంస్థ ఫెడరల్ జ్యుడీషియల్ సెంటర్ కొన్ని జిల్లాల్లో చేయించి 2016లో బయటపెట్టిన పరిశీలనలో అయితే జడ్జి నడిపిన కార్యక్రమానికీ మామూలు పర్యవేక్షణకీ చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. ఇది చదివాక కొంచెం నీరసమొచ్చిన మాట నిజం.

కానీ వాళ్ళ మామూలు పర్యవేక్షణంటే ఆఫీసర్ ఇంటికొస్తాడు, ఫోన్ చేస్తాడు, పని చోట కనుక్కుంటాడు, చికిత్స కావాలంటే పంపిస్తాడు. దాని పక్కన జడ్జిని పెడితే తేడా కొంచెమే ఉండొచ్చు. మన మామూలు పర్యవేక్షణ గుమాస్తా రిజిస్టర్. సున్నా పక్కన ఏం పెట్టినా లెక్క వేరేగా ఉంటుంది. హార్లెమ్ నుంచి నేర్చుకోవాల్సింది మాత్రం తప్పకుండా నేర్చుకోవాలి. సమావేశానికి ఒకసారి రాకపోతే వారెంటు ఇచ్చే జడ్జిని దీనికి పెట్టకూడదు. మన చట్టంలోనే, మొదటిసారి షరతు తప్పితే జైలుకి బదులు 50 రూపాయల లోపు జరిమానా వేసి బాండు కొనసాగించే వీలుంది. 1958 నాటి 50 రూపాయలు, ఎవరూ పెంచలేదు, పెంచకపోవడమే మేలయింది.

మా సీనియర్‌తో ఇదంతా అంటే ఆయన గట్టిగా నవ్వారు. "పొద్దున కేసులు పిలిచి వాయిదాలేసే కాల్ వర్క్ అయ్యేసరికే మధ్యాహ్నమవుతోంది, తీర్పులు రాయడానికి టైము లేదు, కుర్రాళ్ళ ఉద్యోగాల గురించి కూడా జడ్జే అడగాలంటావా?" ఆయన మాట కాదనలేం. నేను అడిగేది అన్ని కోర్టులూ కాదు. నగరంలో ఒక్క మెజిస్ట్రేట్, నెలకొక శనివారం మధ్యాహ్నం, పర్యవేక్షణ ఆర్డర్లున్న కుర్రాళ్ళు మాత్రమే. ప్రొబేషన్ ఆఫీసర్ రావాలి, ఉచిత న్యాయసాయం చేసే లీగల్ సర్వీసెస్ నుంచి ఒక లాయరు రావాలి, వీలైతే తెలుగో హిందీయో తెలిసినవాళ్ళు ఒకరు, ఎందుకంటే ఈ ఊళ్ళో కోర్టుకొచ్చే వలస కూలీలందరికీ తమిళం చదవడం రాదు. వాడికి ఏ కాగితం ఆగిపోయింది, ఎవరు ఆపారు అన్నదే ఎజెండా. లైసెన్సు, ఆధార్‌లో చిరునామా మార్పు, డెలివరీ కంపెనీలు అడిగే పోలీసు వెరిఫికేషన్, ఇవే మనిషిని మళ్ళీ లారీ స్టాండు చీకట్లోకి తోసేవి. సెక్షన్ 12 ప్రకారం ప్రొబేషన్ మీద విడుదలైనవాడికి శిక్ష వల్ల వచ్చే అనర్హతలు అంటవు, కానీ ఆ సంగతి ఉద్యోగమిచ్చేవాడికి ఎవరు చెప్పాలి? కోర్టులు కూడా దాన్ని సాగదీయలేదు, నేరం రుజువైందన్న సంగతి చెరిగిపోదు, ప్రభుత్వోద్యోగి అయితే శాఖాపరమైన చర్య తీసుకోవచ్చు అనే అన్నాయి.

జైలు లోపల మాత్రం తమిళనాడు ఇంతకన్నా నయంగానే ఆలోచించింది. పుళల్ దగ్గర జైళ్ళ శాఖ పెట్రోలు బంకు ఉంది, ఖైదీలే పెట్రోలు పడతారు, 2023లో మహిళా ఖైదీలు నడిపేది కూడా పెట్టారు. నెల్లూరు నుంచి కారులో వచ్చే మావాళ్ళు అక్కడే ట్యాంకు నింపుకుంటారు, వాళ్ళు ఖైదీలని చెబితే ఒకాయన నమ్మలేదు. లోపలున్నవాడికి పని ఉంది. విడుదలయ్యాక అదే పని బయట బంకులో అడిగితే దొరుకుతుందా అన్నది వేరే కథ.

కొత్త న్యాయ సంహిత 2024 జులై 1 నుంచి వచ్చాక కమ్యూనిటీ సర్వీస్, అంటే జీతం లేకుండా సమాజానికి పనికొచ్చే పని చేయడం, కూడా ఒక శిక్షయింది. ఐదు వేల లోపు దొంగతనం, మొదటిసారి, సొమ్ము తిరిగిచ్చేస్తే అదే వేయాలి. మా కుర్రాడి బ్యాటరీల విలువ అంతకు మించింది గనక వాడికి వర్తించేది కాదు. ఈ శిక్ష వేస్తే ఆ పని చేశాడా లేదా అని చూడటానికైనా ఎవరో ఒకరు ఉండాలి కాబట్టి, ఆ రకంగానైనా కోర్టులకి పర్యవేక్షణ గుర్తొస్తుందని నా ఆశ.

కుర్రాడు మళ్ళీ షెడ్డుకొచ్చాడు, ఓనరు ఓ నెల తర్వాత తనే ఫోన్ చేసి పిలిపించుకున్నాడు, ఎయిర్ బ్రేకుల పని తెలిసినవాళ్ళు దొరక్క. బాండు ఇంకా కొన్ని నెలలుంది. సెక్షన్ 8 కింద ముందుగా రద్దు చేయించాలని నా పట్టుదల, కానీ ఆ దరఖాస్తు లాయరు పెట్టేది కాదు, ప్రొబేషన్ ఆఫీసరే పెట్టాలి. వెళ్ళి అడిగాను. ఆయన కాదనలేదు, ఆశ్చర్యంగా చూసి, "ఇది ఎవరూ అడగలేదు మేడమ్, ఫార్మాట్ ఏమైనా ఉందా?" అన్నారు. నేనే ఒకటి ఇంగ్లీషులో తయారుచేసి ఇచ్చాను. దాన్ని తమిళంలోకి మార్చి పైఆఫీసుకి పంపారట, ఓనరు దగ్గర నుంచి ఉద్యోగం లెటరు కూడా కావాలన్నారు, లెటర్‌హెడ్ మీద. షెడ్డుకి లెటర్‌హెడ్ లేదు. కావలి ఆయన ఇప్పుడు ప్రింటింగ్ ప్రెస్ చుట్టూ తిరుగుతున్నాడు.